ఒక గింజ ఎక్కువ

తంతి మీటకముందే గుయ్యిమంటుంది నా గిటారు.
చెయ్యి ఆనిస్తే తగ్గుతుంది, తీస్తే మళ్ళీ మొదలు.
సంతపేట ట్రాన్స్‌ఫార్మరు
నా ఒళ్ళో కూచున్నట్టు.

మద్రాసులో కొత్త పికప్ ధర అడిగినా.
పదకొండు వేలన్నారు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా జీతం
సీజను మూడు నెలలే చిక్కగా ఉంటుంది,
తక్కిన తొమ్మిది నెలలూ
గ్లాసు కడిగిన నీళ్ళు.

అందుకని చెంగమ్మక్క దగ్గరికి పోయినా.
దర్గా పక్క సందులో మోటార్ రివైండింగు.
బోరు మోటార్లు, మిక్సీలు, కాలిపోయిన ఫ్యాన్లు,
ఆ కమురు వాసన మధ్య ఆమె ఒక్కతే.
పికప్ విప్పి అరచేతిలో పెట్టినా.
"ఇదేందబ్బా, ఇది తిరగదు కదా!"

తిరగదక్కా, వింటుంది.
ఆరు అయస్కాంతాలు, చుట్టూ రాగి తీగ.
లోపలెక్కడో చుట్లు ఒకదాన్నొకటి అంటుకోని
గొంతు పీలగయింది.

"ఎన్ని చుట్లు?"
ఎనిమిది వేలకు అటూ ఇటూ.
ఎక్కువైతే లావుగా పలుకుతుంది, తక్కువైతే పలచన.
"నీకి ఎట్లా కావాల?"

గాజు మాదిరి, తేనె మాదిరి, పొగ మాదిరి
అని నేను విన్న మాటలన్నీ పరిచినా.
ఆమె స్క్రూ డ్రైవరుతో చెవి గోక్కునింది.
"నాకు తెలిసిన దాంట్లో చెప్పు."

అప్పుడు చెప్పినా.
మెడ దగ్గరి పికప్ ఇమాంపసందు,
అది బాగుండాది, ముట్టుకోవద్దు.
బ్రిడ్జి దగ్గరిది మాత్రం పచ్చి బెంగుళూర కావాల.
కొరికితే పళ్ళు జివ్వుమనాల,
టెంక దాకా పోతే రవ్వంత తీపి తగలాల.

"అట్లా చెప్పు మరి!"
అని స్టూలు వెలుతుర్లోకి లాక్కునింది.

రిచీ స్ట్రీటు తీగ, వెంట్రుక కంటే సన్నం.
మిషను మీది లెక్కల చక్రం
ఏ కాలంలోనో నాలుగువేల పదహారు దగ్గర నిద్రపోయింది.
అందుకే నూటికొక చింతగింజ, స్టీలు గిన్నెలో.
నూరు, టక్.
ఇన్నూరు, టక్.
చూపుడువేలి కొస మీద తీగ జారతా ఉంటే
నేను తుమ్ము కూడా ఆపుకున్నా.

యాభై మూడో గింజ కాడ తెగింది.
ఆమె తిట్టలేదు.
మొత్తం విప్పి, గిన్నె బోర్లించి,
చీర కొంగుతో వేలు తుడుచుకోని
మళ్ళీ
నూరు, టక్.

కంపెనీ చుట్టు మాదిరి వరసగా పడలేదు.
అడ్డంగా, దిడ్డంగా, ఒకదాని మీదొకటి ఎక్కి,
టికెట్ల కాడ జనం మాదిరి.
ఆ సందుల్లో గాలి ఉంటుంది,
గాలి ఉంటే పలుకు విచ్చుకుంటుంది అంటారు.
నాకు తెలీదు. నమ్మినా.

డ్రమ్స్ వాయించే ఏసుపాదం
చర్చిలో కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు తెచ్చినాడు.
టీ గిన్నెలో కరిగించి పికప్‌ని ముంచినాం,
బుడగలు ఆగేదాకా.
ఇంగ అది తనలో తాను కీచుమనదు.
గిటారు కడుపులో రాగి రేకు అతికించి,
పాత రేడియోలోని కెపాసిటర్ ఒకటి టంకం వేసినా.

గుయ్ సగం పోయింది.
మిగతా సగం కరెంటోళ్ళది.

"కూలి ఎంతక్కా?"
"తీగకు రెండొందలా ఇరవై."
"చుట్టినందుకు?"
"లెక్కబెట్టినందుకు కూడా దుడ్డు తీసుకుంటారా ఎవురన్నా!"

అంగట్లోనే చిన్న యాంప్ పెట్టి మీటినా.
మోటారు కోసం మురకంబట్టు నుంచి వచ్చిన పెద్దాయన
బీడీ నోట్లోంచి తీసి అడిగినాడు,
"ఇది ఎన్ని హెచ్‌పీ నాయనా?"

మూడో తంతి. పళ్ళు జివ్వుమన్నాయి.
టెంక దాకా పోయినా.
తీపి ఉండాది, ఉన్నట్టే ఉండాది.

చెంగమ్మక్క తల ఒక పక్కకు వంచింది.
"ఇంగోసారి."
మీటినా.
"ఇంగోసారి."

గిన్నెలో చెయ్యి పెట్టి
ఒక గింజ తీసి
కిటికీ గట్టు మీద విడిగా పెట్టింది.

"ఇది ఎక్కువైంది."